ప్లాస్టిక్కుల వార్ధక్యం: స్ట్రూయిక్ గ్రంథంపై విమర్శ

ప్లాస్టిక్ వస్తువు పాతబడినకొద్దీ పెళుసెక్కుతుందన్నది అందరూ ఎరిగినదే. ఎండ, గాలిలోని ఆమ్లజని, మెత్తదనం కోసం కలిపిన ద్రవ్యాలు క్రమంగా ఆవిరైపోవడం – సాధారణంగా చెప్పే కారణాలు ఇవే. కాని చీకటిలో, మార్పులేని ఉష్ణోగ్రతలో భద్రపరచిన గట్టి పి.వి.సి. కడ్డీ కూడా మారుతుంది. అందుకు ఒక్క రసాయన బంధమైనా తెగనక్కరలేదు. తగినంత వేడిచేసి మళ్ళీ చల్లార్చితే ఆ పాత కడ్డీ కొత్తదవుతుంది! రసాయన క్షయానికి ఇట్టి ప్రాయశ్చిత్తం లేదు. ఈ భేదాన్ని స్పష్టపరచి, 'భౌతిక వార్ధక్యం' అనే విషయాన్ని ఇంజనీర్ల దృష్టికి తెచ్చిన గ్రంథం ఎల్.సి.ఇ. స్ట్రూయిక్ రచించినది. హాలండులోని డెల్ఫ్ట్ నగరంలో, టి.ఎన్.ఓ. సంస్థలో జరిపిన పరిశోధనల ఫలమిది, 1978లో వెలువడింది.

కరిగిన పాలిమర్‌ను చల్లార్చేటప్పుడు దాని పొడవాటి అణుమాలలు సర్దుకుంటూ దగ్గరవుతాయి. చలువ పెరిగినకొద్దీ ఆ సర్దుబాటు మందగించి, ఒక దశలో వెనుకబడిపోతుంది. అదే గాజు పరివర్తన. గట్టి పి.వి.సి.కి సుమారు 80, పాలిస్టైరీన్‌కు 100, పాలికార్బొనేటుకు 150 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఇది జరుగుతుంది. మంచు కరిగే ఉష్ణోగ్రత వలె ఇది స్థిరమైనది కాదు. నెమ్మదిగా చల్లార్చితే కొద్దిగా తగ్గుతుంది. సర్దుకోలేక మిగిలిన ఖాళీ చోటు లోపలే చిక్కుపడిపోతుంది. తరువాత నెలల తరబడి, ఏళ్ళ తరబడి పదార్థం రవ్వంత రవ్వంత కుంచించుకుంటూ బిగుస్తుంది. బిగిసినకొద్దీ అణువుల కదలిక తగ్గుతుంది గనుక వార్ధక్యం తన నడకను తానే మందగింపజేసుకుంటుంది. ఈ సంగతిని గ్రంథకర్త వివరించిన తీరు ప్రశంసనీయం. పాలివినైల్ ఎసిటేటు ఘనపరిమాణంలోని ఇట్టి మార్పులను కోవాక్స్ అంతకుముందే, 1963 నాటికే, సూక్ష్మంగా కొలిచాడు. స్ట్రూయిక్ ఆ విచారణను పదార్థపు బలం వైపు మళ్ళించాడు.

గ్రంథానికి ప్రాణం ఒక్క పటంలో ఉన్నది. గట్టి పి.వి.సి.ని 90 డిగ్రీలకు వేడిచేసి, ఒక్కసారిగా 40కి చల్లార్చి, డిగ్రీలో పదవ వంతైనా తేడా రాకుండా నాలుగేళ్ళు ఉంచారు. మధ్యమధ్య స్వల్పమైన బరువు తగిలించి, కాలక్రమాన ఎంత సాగుతున్నదో కొలిచారు. వచ్చిన వక్రరేఖలన్నిటికీ ఇంచుమించు ఒకే ఆకారం. కాలపు సంవర్గమానంపై గీస్తే ఒకదానిని జరిపి మరొకదానిపై పరచవచ్చు. వయస్సు పది రెట్లయితే సాగుదల సుమారు పది రెట్లు మందగిస్తుంది. కనుక ఒక గంట పరీక్షను సాగదీసి పదేళ్ళ జోస్యం చెప్పడం చెల్లదు. ఆ పదేళ్ళలో పదార్థమే ముసలిదవుతుంది. ఈ సంగతి మరచి లెక్కవేస్తే సాగుదల ఉన్నదానికన్న ఎక్కువగా కనిపిస్తుంది. పెళుసుతనం విషయంలో పొరపాటు ఎదురుదిశలో, ప్రమాదకరంగా ఉంటుంది: నిన్న పోతపోసిన ముక్క దెబ్బకు తట్టుకున్నదని ఐదేళ్ళ తరువాతి ముక్కకు హామీ ఇవ్వరాదు. ఈ రెండవ ప్రశ్నకు సమాధానం వెదికే పాఠకునికి గ్రంథంలో దొరికేది స్వల్పమే.

పెద్ద బలం ప్రయోగిస్తే వార్ధక్యం చెరిగి పదార్థం తిరిగి యౌవనం పొందుతుందన్న అధ్యాయాలు మాత్రం అంత బలమైనవి కావు. వక్రరేఖలు పడుచుదనం వైపు జరిగిన మాట నిజమే. అంతమాత్రాన లోపలి నిర్మాణం పడుచుదయిందనవచ్చునా? అమెరికాలో మెకెన్నా, ఆయన సహచరులు ఎపాక్సీని మెలిపెట్టుతూ ఘనపరిమాణాన్ని కూడా కొలిచి 1991లో ప్రకటించారు. సమతాస్థితికి చేరే వ్యవధిని ఆ మెలికలు మార్చలేదు. 2003లో మెకెన్నా ఇది వాస్తవమా, భ్రమా అని శీర్షికలోనే ప్రశ్నించాడు. శాశ్వతంగా రూపు మారేంత బలం ప్రయోగించినప్పటి సంగతి వేరు. అక్కడ వాదం తెగలేదు.

ఖాళీ చోటుతోనే సమస్తం వివరించాలన్న గ్రంథకర్త పట్టుదలకు కూడా ఇదే చిక్కు. కొలిచినది సాగుదల; చెప్పినది చోటు సంగతి. నాలుగేళ్ళ పటాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. యౌవన ప్రాప్తి అధ్యాయాలను 2003 నాటి వ్యాసం పక్కన పెట్టుకొని చదవడం మేలు.