ఎంతలో మంచి స్కాచ్?

జీతాలు పడిన వారం బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ ఫేజ్ వన్‌లో ఏ మందు షాపు ముందు నిలబడ్డా తెలుగు వినిపిస్తుంది. ఆఫీసు ఐడీ కార్డు చొక్కా జేబులో దోపుకుని, కౌంటర్ మీదకి వంగి, అరల్లోని సీసాలు చూస్తూ వాదించుకునేవాళ్లలో సగం మంది మనవాళ్లే. "హైక్ వచ్చింది కదా మామా, ఈసారి సింగిల్ మాల్టే" అంటాడొకడు. "సోడా పోసి లాగించేదానికి అంత దేనికిరా, బ్లాక్ లేబుల్ చాలు" అంటాడు ఇంకొకడు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. స్కాచ్ కొనేటప్పుడు మనం దేనికి డబ్బు కడుతున్నామో తెలిస్తే ఈ వాదన తేలిగ్గా తేలిపోతుంది.

లేబుల్‌తో మొదలుపెడదాం. స్కాట్లాండ్‌లోనే బట్టీ పట్టి, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు మాగబెట్టి, 40 శాతానికి తగ్గని ఆల్కహాల్‌తో సీసాకెత్తితేనే అది స్కాచ్. ఇది వాళ్ల చట్టం. లేబుల్ మీద 12 అని ఉంటే, అందులో కలిసిన విస్కీల్లో అన్నిటికంటే చిన్నదాని వయసు పన్నెండేళ్లు. మన షాపుల్లో 'స్కాచ్ కలిపిన' అని గొప్పగా రాసుకునే సీసాలు స్కాచ్ కావు. వాటిలో కొన్నిటిలో మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్ ఉంటుంది. దాన్ని విస్కీ అని అమ్మడానికి యూరప్‌లో ఒప్పుకోరు.

ఇక ధర. ఉదాహరణకి మన రేవుకి చేరేసరికి ఒక సీసా విలువ 800 రూపాయలు అనుకోండి. ఏళ్ల తరబడి ఉన్న 150 శాతం కస్టమ్స్ సుంకంతో అది 2,000 అవుతుంది. దాని మీద రాష్ట్ర ఎక్సైజ్, ఆపైన అమ్మేవాళ్ల లాభం. 2025 జులై 24న భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం ఈ సుంకం మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. అప్పుడు అదే సీసా 1,400కి, తర్వాత 1,120కి వస్తుంది. అందులో కొనేవాడి దాకా ఎంత చేరుతుందన్నది మాత్రం రాష్ట్ర ఎక్సైజ్ చేతిలో ఉంది. మనం ఖరీదు అనుకునేదాంట్లో పెద్ద ముక్క పన్నేనని చెప్పడానికే ఈ లెక్క.

ధరల్లో మొదటి మెట్టు మూడు వేల లోపు. అక్కడ ఉండేవి టీచర్స్, బ్లాక్ అండ్ వైట్, వ్యాట్ 69, హండ్రెడ్ పైపర్స్ లాంటివి. వీటిని టోకున తెచ్చి ఇక్కడే సీసాల్లో నింపుతారు. అందుకే చవక. ఇక్కడ నింపినంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. బ్లెండెడ్ స్కాచ్‌ని బయట దేశంలో నింపడానికి స్కాచ్ చట్టమే అనుమతిస్తుంది. సింగిల్ మాల్ట్‌కి ఆ వెసులుబాటు లేదు. నలుగురు కూర్చుని క్రికెట్ చూస్తూ సోడాతో తాగే సిట్టింగ్‌కి ఈ మెట్టు సరిపోతుంది. టీచర్స్‌లో సన్నటి పొగ వాసన కూడా ఉంటుంది, ముక్కు పెట్టి చూసేవాడికి.

అయిదు వేల చుట్టుపక్కల పన్నెండేళ్ల బ్లెండ్‌లు దొరుకుతాయి: బ్లాక్ లేబుల్, షీవాస్, డ్యూయర్స్. నా లెక్కలో పెట్టిన డబ్బుకి ఎక్కువ రుచి దక్కే మెట్టు ఇదే. మొదటి మెట్టులో గొంతుకి తగిలే గరుకు ఇక్కడ తగ్గుతుంది. తేనె, ఎండు ద్రాక్ష, పొగ విడివిడిగా తెలుస్తాయి. రుచి చూడ్డం నేర్చుకోవాలనుకునేవాడికి బ్లాక్ లేబుల్‌ని మించిన పాఠ్యపుస్తకం లేదంటాను. 750 మిల్లీలీటర్ల సీసాలో 30 చొప్పున 25 చిన్న పెగ్గులొస్తాయి. అయిదు వేల సీసా అంటే పెగ్గు 200. అదే పెగ్గు బార్‌లో ఎంతో మీకు తెలుసు.

ఆ పైది సింగిల్ మాల్ట్. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో, రాగి బట్టీల్లో కాచినది. గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్ పన్నెండేళ్లవి పళ్ల వాసనతో మెత్తగా ఉంటాయి. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ వేరే జాతి. అక్కడ బార్లీని పీట్ మట్టి కాల్చిన పొగలో ఆరబెడతారు. ఆ వాసన భోగి తెల్లారి చొక్కాకి అంటుకున్న మంట పొగలా ఉంటుంది, దానికి తోడు ఆసుపత్రి వాసన. మొదటిసారి తాగినవాడు సీసా చెడిపోయిందని ఫిర్యాదు చేస్తాడు. అందుకే ఐలా సీసాని ఎవరికీ గిఫ్ట్‌గా ఇవ్వకండి. ముందు బార్‌లో ఒక పెగ్గు తాగి చూసుకుని, నచ్చితేనే సీసా కొనుక్కోండి.

పద్దెనిమిదేళ్లు, ఇరవై ఒకటి, బ్లూ లేబుల్ పైమెట్టు. మా ఫ్లాట్‌లో స్నేహితులం అప్పుడప్పుడు పేర్లు దాచి, ఒకే రకం స్టీలు గ్లాసుల్లో పోసుకుని రుచి చూస్తుంటాం. బ్లెండ్‌కీ సింగిల్ మాల్ట్‌కీ తేడా దాదాపు అందరూ పట్టేస్తారు. పన్నెండుకీ పద్దెనిమిదికీ తేడా చెప్పగలిగేవాళ్లు తక్కువ. ధర రెట్టింపైనంత మాత్రాన రుచి రెట్టింపవదు. అక్కడ మనం కట్టేది గోదాములో గడిచిన ఏళ్లకి, తక్కువ దొరకడానికి, పేరుకి. బావగారు అమెరికా నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో తెస్తే ఆనందంగా తాగండి. మనిషికి రెండు లీటర్ల వరకు తెచ్చుకోవచ్చు.

ఏళ్ల లెక్క చలిదేశం లెక్క అన్న సంగతి బెంగళూరులో ఉండి మరచిపోకూడదు. ఎలక్ట్రానిక్ సిటీలో నైస్ రోడ్డెక్కి మైసూరు రోడ్డు దాకా వెళితే, అక్కడ కంబీపురలో అమృత్ డిస్టిలరీ ఉంది. 1948లో మొదలైన కంపెనీ. అప్పటి యజమాని నీలకంఠరావు జగదాలే, న్యూకాజిల్‌లో ఎంబీఏ చదువుతున్న కొడుకు రక్షిత్‌తో బ్రిటన్ మార్కెట్‌ని అధ్యయనం చేయించి, 2004 ఆగస్టులో తన సింగిల్ మాల్ట్‌ని ఏకంగా గ్లాస్గోలో విడుదల చేశారు. సొంత ఊళ్లో అమ్మడం ఆ తర్వాత, 2010లో. విస్కీ విమర్శకుడు జిమ్ మరే రాసే విస్కీ బైబిల్, 2010 సంచికలో, వాళ్ల ఫ్యూజన్‌ని ప్రపంచంలో మూడో ఉత్తమ విస్కీ అంది. మన బార్లీ, స్కాట్లాండ్ పీట్ బార్లీ కలిపి చేసిన సరుకు అది, 50 శాతం ఆల్కహాల్.

పీపాలోంచి ఏటా ఆవిరైపోయేదాన్ని దేవదూతల వాటా అంటారు. స్కాట్లాండ్‌లో అది రెండు శాతం దాకా ఉంటే, బెంగళూరులో పది పన్నెండు. అక్కడ పన్నెండేళ్లలో అయిదో వంతు పోతే, ఇక్కడ అయిదేళ్లకే సగానికి దగ్గరగా పోతుంది. ఇక్కడి వేడికి చెక్కతో కలిసి మాగడం కూడా తొందరగా జరుగుతుంది. కాబట్టి అమృత్ లేబుల్ మీద ఏళ్లు కనబడలేదని తక్కువ చేయకండి. దిగుమతి సుంకం బరువు లేని సింగిల్ మాల్ట్ మనకి ఇంటి పక్కనే తయారవుతోంది. స్కాచ్ కాదు, నిజమే. అయినా డబ్బు లెక్క చూసుకుంటే స్కాచ్ కొనేవాడు ముందు దీన్ని రుచి చూడాలి.

ఇక తాగే పద్ధతి. మంచి విస్కీలో నీళ్లు కలిపితే పాపం అన్న మాట నమ్మకండి. స్వీడన్ లినేయస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో కంప్యూటర్ నమూనాతో లెక్క కట్టి చూశారు. పొగ రుచినిచ్చే గ్వాయకోల్ అనే పదార్థం, విస్కీని పలుచన చేసినప్పుడు పైపొరకి చేరుతుందని తేలింది. అంటే ముక్కుకి దగ్గరవుతుంది. ఒక చెంచా నీళ్లు పోసి, నిమిషం ఆగి వాసన చూడండి. ఐస్ రుచిని మూసేస్తుంది. ఎండాకాలంలో బ్లెండ్‌కి వేసుకోండి, మాల్ట్‌కి వద్దు.

మంచింగ్ విషయంలో మనవాళ్లకి చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆంధ్రా మెస్ నుంచి తెప్పించిన గుంటూరు కారం వేపుడు పక్కన పెట్టుకుని ఎనిమిది వేల మాల్ట్ తాగడం డబ్బు దండగ. నోట్లో కారపు మంటని గుర్తించే నరాలనే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. రెండూ కలిస్తే మంట తప్ప ఏమీ తెలియదు. వేపుడు రోజున టీచర్స్, సోడా. మాల్ట్ రోజున ఉప్పు వేయని వేరుశనగలు, జీడిపప్పు.

ఇంత చెప్పాక, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన తెలుగునేల నుంచి వచ్చినవాణ్ని కాబట్టి ఒక మాట. మందు ఎంత ఖరీదైనదైనా ఒంటికి మేలు చేయదు. తాగితే ఎలివేటెడ్ రోడ్డు మీద బండి తీయకండి, క్యాబ్ బుక్ చేసుకోండి. సీసా కొనాలంటే నలుగురు డబ్బులేసుకుని పన్నెండేళ్ల బ్లెండ్ ఒకటి, అమృత్ ఒకటి తీసుకుని, పేర్లు దాచి రుచి చూడండి. ఏది నచ్చితే అదే మీ మెట్టు. ఈఎంఐ కట్టాక ఏమీ మిగలని నెలలో మాత్రం ఏ మెట్టూ ఎక్కకండి.