నగదు అక్కడ, అప్పు ఇక్కడ

రిలయన్స్ ఫ్రెష్ 2006 చివర్లో తన తొలి దుకాణాలను హైదరాబాద్‌లోనే తెరిచింది. కిరాణా కొట్ల పని ఇక అయిపోయిందన్నారు అప్పట్లో. మరుసటి ఏడాది మన ఊరి త్రినేత్ర సూపర్‌మార్కెట్లే ఆదిత్య బిర్లా చేతికెళ్లి ‘మోర్’ అయ్యాయి. తర్వాత డీమార్ట్, ఇప్పుడు నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు. మా వీధి చివరి కొట్టు మాత్రం ఇంకా ఉంది.

ఉంది కదా అని బాగుందనుకోలేం. ఒకావిడ వచ్చి పావుకిలో కందిపప్పు, యాభై గ్రాముల జీలకర్ర అడుగుతుంది. కొట్టాయన కాగితంలో పోసి, అంచులు మడిచి, పైనుంచి వేలాడే పురికొస లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపుతాడు. డబ్బులడగడు. ఖాతా పుస్తకంలో ఆమె పేజీ తీసి పద్దు రాసుకుంటాడు. వాళ్లింట్లో జీతం ఏడో తారీఖున వస్తుందని ఆయనకు తెలుసు.

అది మంచితనమే, వ్యాపారం కూడా. ఖాతా ఉన్నవాళ్లు ఇంకో కొట్టుకు పోరు, ఎమ్మార్పీకి అమ్మినా బేరమాడరు. అయితే ఈ లెక్క కుదరాలంటే రొక్కమిచ్చి కొనేవాళ్లూ ఉండాలి. డిస్ట్రిబ్యూటరు బిల్లు కట్టడానికీ, బేగంబజార్‌లో సరుకు ఎత్తడానికీ ఆ రొక్కమే ఆధారం.

ఆ రొక్కం ఉన్నది మాలాంటి నెలజీతం ఇళ్లలో. ఒకటో తారీఖు దాటగానే కారేసుకెళ్లి బియ్యం, నూనె, సబ్బులు నెలకు సరిపడా పెద్ద సూపర్‌మార్కెట్లో తెచ్చుకుంటాం. వాళ్లు కంపెనీల దగ్గర నేరుగా లారీల లెక్కన కొంటారు కనుక తగ్గించి ఇవ్వగలరు. ఒక్కోసారి ఆ ధరకు డిస్ట్రిబ్యూటరు కూడా మా కొట్టాయనకు ఇవ్వడు. పోపు వేసేటప్పుడు ఇంగువ లేదని గుర్తొస్తేనే మనకు ఈ కొట్టు గుర్తొస్తుంది.

చవగ్గా దొరికేచోట కొనడం తప్పేం కాదు, ఎవరి సంసారం వాళ్లది. జాలిపడి ఎక్కువ పెట్టి కొనమని నేను చెప్పను, జాలి బేరం రెండు నెలలు కూడా నిలవదు. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. సబ్బులు, షాంపూలు ఎక్కడ తగ్గితే అక్కడ. పప్పులు, చింతపండు, బెల్లం, ఎండుమిర్చి లాంటి విడి సరుకులు మాత్రం ఈయన దగ్గరే, అదీ రొక్కానికి. వాటిలో ఆయన ధర పెద్దగా తేడా రాదు. పైగా ఈసారి మిర్చి ఘాటెక్కువ, రెండు తగ్గించి వేసుకోండని ముందే చెబుతాడు.

ఉన్నవాళ్ల నగదంతా ఒకచోటికి, లేనివాళ్ల అప్పంతా ఇంకోచోటికి పోతుంటే ఏ ఖాతా పుస్తకమూ నడవదు. కొట్టు మూతపడితే మనకు పోయేది ఇంగువ పొట్లమే. ఏడో తారీఖు దాకా ఆగాల్సినావిడకు పోయేది వారం రోజుల పప్పు.