ఇంద్రసభలో సబ్జ్ పరి

1932లో కలకత్తా మదన్ థియేటర్స్ తీసిన 'ఇంద్రసభ' గురించి ఎవర్నడిగినా ఒకటే ముక్క చెబుతారు. 71 పాటలట! కొందరు 69 అంటారు, ఇంకొందరు 72. ప్రింటు మాత్రం లేదు. మిగిలింది క్విజ్ పోటీలకి పనికొచ్చే ఆ అంకె ఒక్కటే. అంకెతో మాకు పేచీ లేదు. దాని కింద ఏం పూడ్చిపెట్టారన్నదే మా పేచీ.

సినిమాకి మూలం లక్నో ఉర్దూ కవి ఆగా హసన్ అమానత్ 1850ల మొదట్లో రాసిన 'ఇందర్ సభా' నాటకం. నవాబు వాజిద్ అలీ షా కాలం. ఓ ముసల్మాను కవి దేవేంద్రుణ్ణి తెచ్చి సింహాసనమ్మీద కూచోబెట్టాడు. ఆ కొలువులో రంభా ఊర్వశీ లేరు. పుఖ్‌రాజ్ పరి, నీలం పరి, లాల్ పరి, సబ్జ్ పరి ఉన్నారు. ఫారసీ కథల్లోంచి నడిచొచ్చిన దేవ్‌లున్నారు. సబ్జ్ పరి గుల్ఫామ్ అనే మామూలు మనిషిని ప్రేమిస్తుంది. అతను పట్టుబడితే, దొంగచాటుగా సభకి తెచ్చిందని చాడీ చెబుతాడు లాల్ దేవ్. ఇంద్రుడు గుల్ఫామ్‌ని కోహ్ కాఫ్ బావిలో పడేయించి, పరి రెక్కలు కత్తిరించి తరిమేస్తాడు. ఆమె జోగిని వేషం కట్టి ఊరూరా పాడుకుంటూ తిరుగుతుంది. చివరికి ఆ పాటతోనే ఇంద్రుణ్ణి మెప్పించి తనవాణ్ణి అడిగి తెచ్చుకుంటుంది.

పరి జోగిని అయితే ఎవరూ ఆమె మతం అడగరు. ఇంద్రలోకానికీ కోహ్ కాఫ్ కొండలకీ మధ్య సరిహద్దు లేదు. గజల్ పక్కనే హోళీ పాట, ఠుమ్రీ పక్కనే ఛంద్. ఇది ఏ సామరస్య వారోత్సవం కోసమో రాసింది కాదు. ఆనాటి లక్నో బతుకే అలా ఉంది, అంతే.

1856లో ఇంగ్లీషువాళ్ళు అవధ్‌ని మింగేశారు. వాజిద్ అలీ షా కలకత్తా మటియాబుర్జ్‌లో తేలాడు. నాటకం మాత్రం పార్సీ కంపెనీలతో దేశమంతా తిరిగింది. సినిమా అయ్యేసరికి పెట్టుబడి పార్సీలది, దర్శకత్వం జె.జె. మదన్‌ది, గొంతులు మాస్టర్ నిసార్‌వీ, జహనారా కజ్జన్‌వీ. ప్లేబ్యాక్ లేని రోజులు, నటించేవాళ్ళే పాడాలి. మూడున్నర గంటల సినిమా. ఒక లెక్క ప్రకారం 31 గజళ్ళు, 9 ఠుమ్రీలు, 4 హోళీలు. "సినిమా అంటే ఏంటో తెలీని రోజులు, స్టేజీ నాటకాన్ని కెమెరా ముందు పెట్టేశారు" అని తీసిపారేస్తారు విమర్శకులు. చూడని సినిమాని ఆకాశానికెత్తడం మా పని కాదు. నాటకం చేతిలో ఉంది, అది చదివి మాట్లాడుతున్నాం. అందులో పాట కథకి అడ్డం పడేది కాదు, పాటే కథ. రెక్కలు తెగిన సబ్జ్ పరి దగ్గర పాట తప్ప ఇంకేముంది?

ఇంతకీ దీన్ని చరిత్ర పుస్తకాల్లో ఏమని రాస్తారు? 'హిందీ సినిమా' అని. 31 గజళ్ళున్న సినిమా! 1931 నాటి 'ఆలం ఆరా'కీ ఇదే గతి. పేరులో ఒక్క హిందీ అక్షరం లేకపోయినా అది 'తొలి హిందీ టాకీ'. ఉర్దూ అనడానికి నోరు రాదు. మన దగ్గర మాత్రం? 1880లలో బందరులో నాదెళ్ళ పురుషోత్తమ కవి పార్సీ కంపెనీల ఊపులో హిందుస్తానీ నాటకాలు తెలుగు లిపిలో రాశాడు. తెలుగువాళ్ళే ఆడారు. తెలుగు నాటక చరిత్రలో వాటికి 'హిందీ నాటకాలు' అని పేరు. పద్యనాటకాలవాళ్ళు 'పార్సీ మట్లు' అని గర్వంగానే చెప్పుకుంటారు. మట్టుని ఒప్పుకుంటారు. మట్టు వెనకున్న మాటని ఒప్పుకోరు.

ప్రింటు పోవడంలో కుట్రేం లేదు. అవి నైట్రేట్ రీళ్ళు. అంటుకుంటే ఆరవు, అంటుకోకపోయినా ఏళ్ళకి పొడైపోతాయి. తెలుగు 'భక్త ప్రహ్లాద' ప్రింటూ లేదు. కానీ అది ఎప్పుడు విడుదలైందని పాత పత్రికలు తిరగేసి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చినవాళ్ళున్నారు. మంచి పనే చేశారు. నైట్రేట్‌కి మతం లేదు. పోయినదానికి పేరు పెట్టేవాళ్ళకి మాత్రం ఉంది.

1992 డిసెంబరు తర్వాత "ఈ దేశ సంస్కృతిని మీరెప్పుడైనా సొంతం చేసుకున్నారా?" అని మమ్మల్ని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళకి అమానత్‌ని సర్టిఫికెట్‌గా చూపించే ఉద్దేశం మాకు లేదు. ఇంద్రుడి మీద రాశాడు కాబట్టి మంచి ముసల్మాను అనిపించుకునే ఖర్మ అతనికెందుకు? కర్బలా మీద శోకగీతాలు రాసిందీ ఆ చెయ్యే. రెండూ కలిపి ఒప్పుకుంటేనే అతను అమానత్.

మావాళ్ళూ తక్కువ తిన్లేదు. ఉర్దూ సాహిత్య పెద్దలు ఈ నాటకాన్ని 'నాచ్ గానా' అని ముక్కు మూసుకున్నారు. పరువు గల షరీఫ్ ఇళ్ళల్లో కజ్జన్ లాంటి వాళ్ళ పేరెత్తితే తప్పు. గజల్‌ని కొలువుల్లోంచి బజారుకి, బజారులోంచి తెరమీదికి మోసుకొచ్చింది ఆ తవాయిఫ్ ఇళ్ళ ఆడవాళ్ళే. 1892లోనే ఫ్రీడ్రిష్ రోజెన్ అనే జర్మన్ పండితుడు ఈ నాటకాన్ని తన భాషలోకి తీసుకెళ్ళాడు. మా ముషాయిరాల్లో మాత్రం మీర్, గాలిబ్ పేర్ల తర్వాత అమానత్ వంతు రానే రాదు, కజ్జన్‌కి చాపే వెయ్యరు.