అడుగు ఒప్పుకుంటేనే పాట

భజన గురువు పాటను నోటితో మొదలుపెట్టడు. ధర్మవరం దగ్గర ఒక పల్లెలో, పొద్దు గూకినాక, రామాలయం ముందర పన్నెండు మంది పిల్లగాళ్లు వరసగా నిలబడి కుడికాలు తట్టి, ఎడమకాలు వెనక్కి తీసి, మళ్లీ తట్టి, అట్లా గంటసేపు ఒక్క మాట లేకుండా తొక్కడం చూశాను. ఒకడు ఉండబట్టలేక పాట ఎత్తుకున్నాడు. "ఒరే అబ్బయ్యా, నోరు యాడికీ పోదులే. ముందు అడుగు పడనీ" అన్నాడు గురువు, తాళాలు ఆపకుండానే.

అనంతపురం పల్లెల్లో చెక్కభజన నేర్చుకోవాలంటే ఊరంతా కలిసి ఒక గురువును మాట్లాడుకుని పిలిపించుకోవడం పాత అలవాటు. పంట పనులు లేని రోజుల్లో రాత్రిపూట నేర్పుతాడు. పిల్లగాళ్లకు కాళ్లు కుదిరినాక గజ్జెపూజ చేసి, ఊరి ముందర మొదటి ఆట కట్టిస్తారు. చెక్కలంటే జానెడు పైన పొడవుండే రెండు కొయ్య పలకలు. వాటికి తొలిచిన సందుల్లో పలచటి బిళ్లలు గుచ్చి ఉంటాయి. ఒక పలకను బొటనవేలికి, రెండోదాన్ని తక్కిన వేళ్లకు తగిలించుకుని పిడికిలి మూసి తెరిస్తే కొయ్య 'టక్కు'మంటుంది, బిళ్లలు ఆ వెనకే 'ఝల్లు'మంటాయి. ఒక్క దెబ్బకు రెండు శబ్దాలు. ఆ రెండింటి నడుమ ఉండే వెంట్రుకవాసి ఎడమే చెక్కభజనకు ప్రాణం. పన్నెండు చెక్కలు ఒకేసారి మూసుకోవాలి. పదకొండు మూసుకుని ఒకటి వెనకబడితే, తాళజ్ఞానం లేనివాడికి కూడా అది చెవిలో గుచ్చుకుంటుంది.

గురువు మధ్యలో నిలబడి పల్లవి ఎత్తుకుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు వంత పాడతారు. చరణం నింపాదిగా నడుస్తుంది, ఎందుకంటే కథ అందులోనే ఉంది, మాట వినబడాలి. వంత పాడేటప్పుడు నడక పెరుగుతుంది. చివరికి పాట ఆగిపోయి కాళ్లూ చెక్కలూ మాత్రమే మిగులుతాయి. చూసేవాళ్లు కేకలు పెట్టేది అప్పుడే. ఎంత కేక పెట్టినా, నా మటుకు నాకు ఆ వేగం కంటే దాని ముందున్న నింపాదే కష్టమనిపిస్తుంది. నెమ్మదిగా తొక్కుతూ, ఎగశ్వాస లేకుండా పొడుగు చరణం పాడటానికి ఏళ్లు పడతాయి.

ఇక పాటల సంగతి. ఏ భజన దళం దగ్గరైనా మొదట వినాయకుడు, తర్వాత రాముడు, కృష్ణుడు. అర్ధరాత్రి దాటేసరికి దేవుళ్లు రోంత పక్కకు జరిగి మనుషులు వస్తారు. బావామరదళ్ల సరసం, సుగ్గి కూలికి పోయిన మొగుడు, ఎండిన బోరు, పురుగు కొట్టిన చెనిక్కాయ చేను, బెంగుళూరులో ఇటుకలు మోసే అన్న. ఈ కొత్త పాటలకు కొత్త బాణీలు ఉండవు. రాముడు అడవికి పోయిన వరసలోనే అన్న బెంగుళూరుకు పోతాడు. రాయలసీమలో 'వరస' అంటే బాణీ. వరస అంటే చుట్టరికం కూడా కదా. పాత పాటకూ కొత్త పాటకూ వరస కలిస్తే చుట్టాలైనట్టే.

బాణీ కట్టడం చేతకాక అట్లా చేస్తారని కొందరు పట్నం విమర్శకులు అనుకుంటారు. అది పొరపాటు. వరస మారితే అడుగు మారాలి, అడుగు మారితే పన్నెండు మందికీ మళ్లీ నెలరోజులు నేర్పాలి. అదే వరసలో మాట ఒక్కటే మారిస్తే రేపు రాత్రే ఆడొచ్చు. మొన్న ఊర్లో జరిగింది రేపటికి పాట అయ్యేది అందుకే. పైగా వినేవాళ్ల చెవిలో పాత పాట అడుగున మోగుతూనే ఉంటుంది. అన్న బస్సెక్కుతుంటే రాముడి వనవాసం కూడా వినబడుతుంది. కవి ఉపమానం చెప్పాల్సిన పని లేదు, వరసే చెబుతుంది.

పాటకు పాట వరస కలిపే ఈ విద్య మన ఒక్కరిదే కాదు. ఐర్లండులో ప్లాంక్స్‌టీ అనే బృందం 1973లో తెచ్చిన మొదటి ఆల్బంలో, జిప్సీల వెంట వెళ్లిపోయిన దొరసాని పాత కథాపాట ఒకటి ఉంది. అది ముగియగానే ఊపిరి తిప్పుకోకుండా పదిహేడో శతాబ్దపు హార్ప్ బాణీ ఒకదానిలోకి దిగిపోతారు. గొంతు ఆగిన చోట ఆ బృందంలోని లియామ్ ఓఫ్లిన్ పైపులు అందుకుంటాయి. ఆ పైపులను నోటితో ఊదరు, మోచేతి కింద తిత్తి నొక్కి గాలి నింపుతారు. మన శ్రుతిపెట్టె లాగే అడుగున ఒక స్వరం విడవకుండా మోగుతుంది. మాట ఆగినా ఆట ఆగదన్న ఆ పద్ధతి విన్నప్పుడు నాకు మన చెక్కలే గుర్తొచ్చాయి. కష్టంలోనూ పోలిక ఉంది. వాళ్లకు 1845లో ఆలుగడ్డ పంట కుళ్లి మహా కరువు వచ్చింది, ఓడలెక్కి పోయినవాళ్ల మీద పాటలు పుట్టాయి. మనకు 1876లో ధాత కరువు. వలస పాటలకు ఇక్కడా కొదవ లేదు.

ఐర్లండు వాళ్ల పాటగా చాలామంది అనుకునే 'డర్టీ ఓల్డ్ టౌన్' నిజానికి ఇంగ్లండులోని సాల్ఫర్డ్ పట్నం మీద ఇవాన్ మెకాల్ 1949లో రాసింది. డబ్లినర్స్ బృందం పాడింది, పోగ్స్ బృందం పాడింది, రాసినవాడి పేరు జనం నోట జారిపోయి అది పాత పాటల్లో కలిసిపోయింది. కొత్త పాటకు అంతకంటే పెద్ద మర్యాద ఏముంటుంది? మన దళాల్లోనూ ఫలానా బోరు పాట ఎవరు కట్టారని అడిగితే "ఎవరో కట్టినార్లే సామీ, మా నాయన కాలం నుంచీ ఉండాది" అంటారు. లెక్క వేస్తే ఆ నాయన కాలానికి ఊర్లో బోర్లే లేవు.

అన్ని పాటలూ అట్లా మెత్తగా కలిసిపోవు. అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం కథనే తీసుకోండి. చెరువుకట్ట తెగబోతుంటే ఊరి కోడలు ముసలమ్మ నీళ్లలోకి దిగి ప్రాణమిచ్చి నిలబెట్టిందంటారు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో ఆ కథనే 'ముసలమ్మ మరణము' కావ్యంగా రాశాడు. ఈనాడు ఎవరైనా ఆ కథను పాట కడితే, కోడలే ఎందుకు దిగాలని అడగకుండా దాటిపోలేరు. ఆ ప్రశ్నను పాత వరసలోనే అడిగితే ఇంకా గట్టిగా తగులుతుందని నా నమ్మకం.

చెక్కల పక్కన చెప్పుకోవాల్సింది ఉరుము. రెండు మొహాలున్న వాద్యం. ఒక మొహాన్ని పుల్లతో కొడతారు. రెండోదాన్ని కొట్టరు, వంకర పుల్లతో రాస్తారు. తోలు మీద పుల్ల ఒత్తిడి పెరిగేకొద్దీ శబ్దం జారుతూ, మూలుగుతూ, దూరపు మబ్బు గొణిగినట్టు వస్తుంది. దళిత కుటుంబాల కళాకారులు జాతర్లలో అమ్మవార్ల ముందర దీన్ని వాయిస్తూ ఆడతారు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల మీద ఈ వాద్యానికి ఆ పేరు ఎట్లా నిలిచిందో, అది మొక్కుబడో ఎత్తిపొడుపో!

ఈ శబ్దాలను పట్టి ఉంచే ప్రయత్నం పాతదే. జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో తెలుగు కథాగేయాలను ఇంగ్లీషు పాఠకుల ముందు పెట్టాడు. కాగితం మీదికి మాట వచ్చింది, వరస రాలేదు. వింజమూరి సీత, అనసూయ అక్కచెల్లెళ్లు జానపదాన్ని రేడియోకూ గ్రామఫోనుకూ తీసుకెళ్లారు. అప్పుడు వరస వచ్చింది, కానీ హార్మోనియం పక్కన పల్లె గరుకు కొంత నునుపెక్కింది. తర్వాత క్యాసెట్లు. 2018లో ఒక సినిమాలో పెంచల్ దాస్ 'దారి చూడు' పాడితే సీమ యాస రాష్ట్రమంతా మోగింది. ఇవన్నీ గొంతును పట్టుకున్నాయి. కాలిని పట్టుకున్నది ఏది?

పోయినేడు ఒక దళం తమ పాటలను రికార్డు చేయించుకోవడానికి టౌనులోని ఒక చిన్న స్టూడియోకు పోతే నేనూ వెంట పోయాను. ఆరు పాటలు, మూడు పాతవి, మూడు కొత్తవి. గజ్జెల చప్పుడు గొంతును మింగేస్తోందని అక్కడి అబ్బాయి అందర్నీ గజ్జెలు విప్పి, నిలబడి పాడమన్నాడు. పాడారు. శ్రుతి తప్పలేదు, మాట తప్పలేదు. అయినా మూడో చరణం దగ్గర ఇద్దరు ముందుకు, ముగ్గురు వెనక్కి పోయారు. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ అక్కడే చెదిరారు.

గురువు బయటికిపోయి బీడీ తాగొచ్చాడు. వచ్చి ఎవరినీ ఏమీ అనకుండా గజ్జెలు తీసి కట్టుకున్నాడు. మైకు కడ్డీ మర వదులుచేసి, నోటి ఎత్తున ఉన్నదాన్ని మోకాలి కిందికి దించాడు.

"ఇప్పుడు ఎత్తుకోండబ్బా" అన్నాడు.