రాని చిత్రాల నీడ: ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్’లో ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

పదసముదాయం వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని భారతీయ శాస్త్రకారులు నిర్ణయించారు. ఇవే లక్షణాలు గల వాక్యాల కూర్పును ‘సాహిత్యదర్పణ’కారుడు విశ్వనాథుడు మహావాక్యమన్నాడు. ఒక్కొక్క చిత్రాన్ని వాక్యంగా, చిత్రాల వరుసను మహావాక్యంగా నిర్మిస్తున్న హాలీవుడ్ కామిక్ చిత్రమాలికలను పరిశీలించడానికి ఈ చూపు ఉపకరిస్తుంది. అభిమానుల నిరీక్షణ ఆకాంక్ష అయితే, దానిని తీర్చగల కథాసామర్థ్యం యోగ్యత. ఎడం లేకుండా అందించడం సన్నిధి.

2014 అక్టోబరులో వార్నర్ బ్రదర్స్ సంస్థ 2020 వరకు రానున్న పది డీసీ చిత్రాల పట్టికను ప్రకటించింది. అప్పటికి ఆ కథాలోకంలో విడుదలైనది ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ (2013) ఒక్కటే. అదే నెలలో మార్వెల్ కూడా తన పట్టికను వెల్లడించింది గానీ, దాని వెనుక అప్పటికే పది చిత్రాలున్నాయి. డీసీ ప్రకటన వెలువడింది మదుపరుల సమావేశంలో. లాభాపేక్షతో చేసిన వాగ్దానాన్ని అభిమానులు కథాప్రతిజ్ఞగా చదువుకున్నారు. ఈ రెండు పఠనాల మధ్య ఏర్పడిన ఎడమే తరువాతి చిత్రాలను వెంటాడింది.

జాక్ స్నైడర్ దర్శకత్వంలో 2016 మార్చిలో వచ్చిన ‘బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్: డాన్ ఆఫ్ జస్టిస్’ పతాక ఘట్టంలో సూపర్‌మ్యాన్ మరణిస్తాడు. లోయిస్ విలపిస్తుంది, అంత్యక్రియలు జరుగుతాయి. దర్శకుడు ఈ ఘట్టాన్ని ఎంతో గాంభీర్యంతో నడిపాడు. అయినా శోకం స్థిరపడదు. పునస్సమాగమంపై ఆశ మిగిలితే విప్రలంభం, ఆ ఆశ తెగిపోతే కరుణం అని ఆలంకారికులు చేసిన విభాగం ఇక్కడ స్మరించదగినది. సూపర్‌మ్యాన్ కథానాయకుడిగా మరో చిత్రం రానున్నదని సంస్థ 2014లోనే చెప్పివుంది. అందువల్ల ప్రేక్షకుడు లోయిస్ దుఃఖాన్ని పంచుకోలేడు. ఆమె ఎరుగని పట్టిక అతడికి తెలుసు. చివరి దృశ్యంలో శవపేటికపై మట్టి కదలడంతో ఆ కాస్త సందిగ్ధత కూడా తొలగిపోతుంది. ఇది నటీనటుల లోపం కాదు. విభావాలన్నీ సమకూరినా, ప్రణాళిక రసానికి విఘ్నమైంది.

మరొక ఘట్టం ఇంతకన్నా స్థూలమైనది. కథ ద్వంద్వయుద్ధం వైపు సాగుతుండగా డయానా కంప్యూటరు ముందు కూర్చొని ఫ్లాష్, ఆక్వామ్యాన్, సైబోర్గ్‌ల దృశ్యాలు ఒక్కొక్కటిగా చూస్తుంది. ఈ కథకు ఆ ముగ్గురితో పని లేదు. ‘ఐరన్ మ్యాన్’ (2008) కూడా రాబోయే కూటమిని సూచించింది; అయితే ఆ సూచన పేర్ల వరుస ముగిశాక వచ్చే ఒక చిన్న సంభాషణ. వాక్యం పూర్తయ్యాకే మహావాక్యానికి తలుపు తెరిచింది. స్నైడర్ చిత్రంలో వాక్యం మధ్యలోనే తరువాతి వాక్యాల పదాలు జొరబడ్డాయి.

అమెరికాలో తొలి వారాంతంలో సుమారు 16.6 కోట్ల డాలర్లు ఆర్జించిన ఈ చిత్రం రెండో వారాంతానికి దాదాపు 69 శాతం పడిపోయింది. మొదటి అంకె ఆకాంక్ష బలాన్ని చూపితే, రెండోది యోగ్యతపై ప్రేక్షకుల తీర్పుగా భావించవచ్చు.

సన్నిధి సంగతి చెప్పనక్కరలేదు. 2018కి ప్రకటించిన ‘ఫ్లాష్’ 2023లో వచ్చింది, ‘సైబోర్గ్’ రానేలేదు, ‘జస్టిస్ లీగ్’ రెండో భాగమూ అంతే. 2017లో కుటుంబ విషాదం వల్ల స్నైడర్ తప్పుకోగా జాస్ వీడన్ పూర్తిచేసిన ‘జస్టిస్ లీగ్’ అభిమానులను తృప్తిపరచలేదు. స్నైడర్ కూర్పును విడుదల చేయాలని వారు ఏళ్ల తరబడి ఉద్యమించారు. ఆత్మహత్యల నివారణకు విరాళాలు సేకరించినవారు, విభేదించిన వారిని దూషించినవారు కూడా ఆ సమూహంలో ఉన్నారు. కనుక దానిని పూర్తిగా కీర్తించడం గానీ నిందించడం గానీ తగదు. 2021 మార్చిలో నాలుగు గంటల నిడివితో ఆ కూర్పు వెలువడింది. పాత్రల పరిచయానికి, ముఖ్యంగా సైబోర్గ్ వేదనకు, అందులో తగిన చోటు దొరికింది. యోగ్యత అక్కడ నిస్సందేహంగా పెరిగింది. అయినా అది ముగిసింది మరొక భవిష్యత్స్వప్నంతో, మరొక అతిథి రాకతో. 2016 చిత్రంలో కాలాన్ని చీల్చుకొని వచ్చి లోయిస్ గురించి హెచ్చరించిన ఫ్లాష్ మాటకు ఆ నాలుగు గంటల్లోనూ పూర్తి సమాధానం లేదు.