విముక్తి ఎవరికి వచ్చింది?

జర్మనీలో స్వలింగ ప్రేమికుల హక్కుల్ని 2017 నాటి పెళ్లి చట్టంతో మొదలెట్టి మెచ్చుకునే చరిత్ర ఒకటుంది. దాన్ని మేము ఒప్పుకోం.

మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన 175వ సెక్షన్ 1871 నాటిది. నాజీలు 1935లో దాన్ని మరింత బిగించారు. వేలమందిని నిర్బంధ శిబిరాల్లో వేసి, బట్టలకు గులాబీరంగు త్రికోణం కుట్టించారు. 1945లో నాజీలు పోయారు. సెక్షన్ పోలేదు. సమానత్వం రాసుకున్న కొత్త రాజ్యాంగం కిందే పశ్చిమ జర్మనీ నాజీలు బిగించిన సెక్షన్‌ని 1969 దాకా అట్లాగే వాడింది. అది చెల్లుతుందని 1957లో రాజ్యాంగ న్యాయస్థానమే తీర్పిచ్చింది. ఆ ఇరవై ఏళ్లలో దాదాపు 50,000 మందికి శిక్షలు పడ్డాయి. సెక్షన్ పూర్తిగా పోయింది 1994లో.

అసలు సంగతి ఇక్కడుంది. నాజీలు వేసిన శిక్షల్ని 2002లో రద్దు చేసిన పార్లమెంటు, ప్రజాస్వామ్యం వేసిన శిక్షల్ని రద్దు చేయడానికి 2017 దాకా ఆగింది. పక్కోడి తప్పు ఒప్పుకోవడం తేలిక. ఈలోగా ఎంతోమంది నేరస్తులుగానే చచ్చిపోయారు. ట్రాన్స్‌జెండర్లదీ ఇదే కథ: కాగితాల మీద లింగం మార్చుకోవాలంటే పిల్లలు పుట్టకుండా చేయించుకోవాలన్న షరతు 2011 దాకా నడిచింది.

రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవాళ్లు చెడ్డవాళ్లయితే అది చెడ్డదే అవుతుందని బాబాసాహెబ్ 1949లో హెచ్చరించాడు. అదే ఏడాది పుట్టిన జర్మన్ రాజ్యాంగాన్నీ ఆ మాటతోనే కొలవాలి.