అప్పు ఎవరిది? విమోచన ఎవరికి?

అనకాపల్లి చుట్టుపక్కల దళితపేటల్లో ఏ చర్చికెళ్ళినా మొదట వినపడేది పాపం అనే మాటే. ఆదాము తప్పు చేశాడు, ఆ పాపం పుట్టుకతోనే మనకి సంక్రమించింది, క్రీస్తు రక్తం దాన్ని కడిగింది అంటారు. తరతరాలుగా 'నీ పుట్టుకే పాపం' అని విన్న మనిషికి ఇది కొత్త మాటా, పాత మాటేనా?

రెండూ ఒకటి కావు. కర్మ సిద్ధాంతం ప్రకారం పూర్వజన్మలో పాపం చేసినవాడే మాల, మాదిగ అయి పుడతాడు. పుణ్యం చేసినవాడు బ్రాహ్మడవుతాడు. అగస్టీన్ (354–430) సిద్ధాంతంగా నిలబెట్టిన ఆదిపాపంలో కులాన్ని బట్టి మినహాయింపు లేదు. కరణమూ మునసబూ కూడా ఆదాము బిడ్డలే. 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టులు పని మొదలుపెట్టాక ఉత్తర కోస్తా పేటలకి చేరిన ఈ బోధలో అంత పదును ఉంది. దాన్ని మొద్దుబార్చింది చర్చే. పాపమంటే కల్లు, జాతర, సినిమా అని చెప్పినంత గట్టిగా అంటరానితనం అని చాలాచోట్ల చెప్పలేదు.

ఇక్కడే కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) కథని మళ్ళీ చదవాలి. ఇది క్రైస్తవ కథ కాదు, రాసినాయన దళితుడూ కాదు. విప్లవ విమర్శకులు దీన్ని భూస్వామ్య దోపిడీ కథగా చదివారు. అది నిజమే, కానీ అంతటితో సరిపోదు. అప్పల్రాముడు చేసిన అప్పు మీద ఊళ్ళో తగవు పెడతారు. అప్పు అప్పల్రాముడిది. దాని బరువు కొడుకు సీతారాముడి మీద పడుతుంది, ఆ తర్వాత మనవడి మీద. ఆ పసివాడు చేసిన తప్పేమిటి? ఆదాము పాపంలాగే పుట్టుకతో వచ్చింది. తేడా ఒక్కటే. ఆదాము పాపం అందరిదీ, ఈ అప్పు ఒక్క కులపోళ్ళదే. చివరికి సీతారాముడు తన కొడుకుని తనే నరికేస్తాడు, వాడు బానిసగా బతక్కూడదని. కుమారుణ్ణి బలి ఇస్తే విమోచన వస్తుందని సువార్త చెప్తుంది. ఈ కథలోనూ కుమారుడే బలి. పునరుత్థానం మాత్రం లేదు.

విమోచన అంటే వెల కట్టి బానిసని విడిపించటం. వెల కట్టామంటే అప్పు న్యాయమైనదని ఒప్పుకున్నట్టే. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం మరోలా మాట్లాడింది. వెట్టికి కట్టిపడేసిన ఆ అప్పు ఇక చెల్లనక్కర లేదంది. అమలు సంగతి వేరు. కానీ దళితుడికి కావలసిన విమోచన అర్థం అందులో ఉంది. తెలుగు బైబిల్లో, మత్తయి సువార్తలోని ప్రభువు ప్రార్థనలో క్షమించమని అడిగేది పాపాలు కాదు, ఋణాలు. ప్రతి ఆదివారం ఆ మాట పలుకుతూనే, ఊళ్ళో ఎవరి ఋణం ఎవరి నెత్తిన ఉందో అడక్కుండా ఇంటికొస్తున్నాం.

అడగాల్సిన అవసరం తీరిపోలేదు. బాప్తిస్మంతో నీ పాత జన్మ పోయిందని చర్చి అంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నీ ఎస్సీ హోదా కూడా పోయిందంటుంది. క్రైస్తవంలోకి మారినవాళ్ళకి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. పోనిది కులమొక్కటే. కారంచేడు (1985), చుండూరు (1991)లో చంపినవాళ్ళు బాప్తిస్మం చూసి ఆగలేదు.

కాబట్టి ఆదిపాపాన్ని అవతల పారేద్దామనటం లేదు. దాన్ని ఊళ్ళోకి తీసుకెళ్దాం అంటున్నాను. మన సమాజంలో ఆదిపాపం కులం. చేసినవాడొకడు, మోస్తున్నవాడొకడు. పశ్చాత్తాపం ఊరి వంతు, ఆ లెక్క కొట్టేయించుకోవటం పేట హక్కు. వేదాంత కళాశాలల్లో చదువుతున్న మన పిల్లలు ప్రసంగ పీఠం మీంచి ఈ మాట అనగలిగితే, విమోచన అనే మాటకి పేటలో అర్థం దొరుకుతుంది.